ఒక నమస్కారం, ఒక వాడకం

పద్దు 1

ఆడిటరు తన సొంత సంగతులు ఇందులో రాయరాదని ఈ రోజువారీ పద్దుల పుస్తకం మొదటి పేజీలోనే అచ్చు వేశారు. తొమ్మిదేళ్ళుగా నేనూ రాయలేదు. ఈసారి రాయబోతున్నాను. చదివినవాళ్ళు తిట్టుకోదలిస్తే తిట్టుకోవచ్చు.

నా పేరు పినపోతు అప్పలకొండ. వయసు యాభై ఆరు. చంద్రుడి మీద ఒక పెద్ద గుంట అంచున కట్టిన ఊరు మాది. కాగితాల మీద దానికి పొడుగాటి పేరుంది గానీ అందరూ గట్టు అనే అంటారు. ఇక్కడి హస్త హక్కుల కార్యాలయంలో నేను ఆడిటర్ని. పనివాళ్ళ చేతి కదలికల్ని రికార్డు చేసి, లైసెన్సు మీద మరచేతులకు ఎక్కిస్తారు. ఏ మరచెయ్యి ఎవరి పనిని ఎన్నిసార్లు వాడుకుందో కంపెనీలు ఏటా లెక్క చెప్పాలి. అవి తక్కువ చెబుతాయి. దాచినదాన్ని బయటికి లాగడం నా ఉద్యోగం. ఈ పనిలో నాకు కొంచెం పేరుంది, కొంచెం పొగరూ ఉంది.

ఈరోజు పొద్దుటి షిఫ్టులో మా పై అధికారి జరీనా మేడమ్ ఒక ఫైలు నా బల్ల మీద పెట్టారు. హిమజ వర్క్స్ అనే మంచు కంపెనీది. చేతి యజమాని పేరు మైలపల్లి నూకరత్నం.

నూకరత్నం నా భార్య.

"ఇది నేను చూడకూడదు కదా మేడమ్," అన్నాను.

"సంతకం నాదేలే. నువ్వు లెక్క తీసియ్యి, చాలు." మేడమ్‌ది కర్నూలు. పదహారేళ్ళుగా చంద్రుడి మీద ఉన్నా ఆ యాస పోలేదు. "ఇంకొకరికిస్తే మూణ్ణెల్లు చేస్తారప్పా. నీకు ఉండేది ముప్పై ఎనిమిది దినాలే."

పద్దు 2

ఆ ముప్పై ఎనిమిది రోజుల సంగతి రాయాలి.

రత్నం పుట్టిల్లు ఉప్పాడ దగ్గర. పడవలు కట్టే ఇల్లు. పలకల సందుల్లో నార కూరి, జిగురు పూసి, చుక్క నీరు దూరకుండా చేయడం ఆ ఇంటి విద్య. పెళ్ళయ్యాక ఇద్దరం పనికోసం గట్టు మీదికొచ్చాం. ఇక్కడి హిమజ యార్డులో నీళ్ళ ట్యాంకుల అతుకులు కారిపోతుంటే ఏ యంత్రమూ ఆపలేకపోయింది. రత్నం ఆపింది. కంపెనీ ఆమె చేతిపనిని లైసెన్సుకు తీసుకుంది, మంచుగుండు మీద పనికి మనిషిగా కూడా రమ్మంది. మంచుగుండు అంటే అంగారకుడికి అవతల తిరిగే మంచురాయి. ఓడలో రెండేళ్ళ ప్రయాణం.

రాయల్టీ డబ్బుగా ఇవ్వరు, మార్కులుగా ఇస్తారు. మరచెయ్యి ఆమె పనిని ఒకసారి వాడితే ఒక మార్కు. లక్ష మార్కులైతే తిరుగు ఓడలో సీటు. మహా అయితే మూడేళ్ళు అనుకున్నాం. పదకొండేళ్ళయింది. కంపెనీ చెప్పే లెక్క ఇప్పటికి అరవై ఒక్క వేల రెండు వందల నాలుగు.

తిరుగు ఓడ నాలుగేళ్ళకొకటి. ఈసారిది నిన్నటి నుంచి ముప్పై ఎనిమిది రోజులకు బయల్దేరుతుంది.

రత్నం నుంచి వీడియో వచ్చింది. మా మాట ఒకరికొకరికి చేరడానికి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది కాబట్టి మాట్లాడుకోవడం లేదు, ఉపన్యాసాలు పంపుకోవడమే. అన్నం తింటూ చెప్పింది: "మావా, నీ ట్రేలో గోంగూర మొలిసిందా లేదా? ఆ దుమ్ము ఫిల్టరు మార్సావా? ఫైలు సంగతి ఇన్నాను. ఎక్కువ ఆశెట్టుకోకు."

ఆమె ఎడం చేత్తో తింటోంది. ఎడం చేత్తో మంచినీళ్ళ గ్లాసు అందిస్తేనే నన్ను చెరిగేసే మనిషి. అదేమిటని అడిగి పంపాను. కుడిచేతికి జిగురంటుకుందని జవాబొచ్చింది. జిగురు అంటుకున్న చేతిని గుడ్డ కింద దాచుకోవడం దేనికో నాకు అర్థం కాలేదు.

పద్దు 5

మూడు రోజులు కాగితాలతోనే కాపురం. మధ్యలో ఫిల్టరు మార్చాను, గోంగూరకి నీళ్ళు పట్టాను, రోజూ గంటసేపు బరువు చక్రంలో నడిచాను. ఈ చక్రంలో భూమ్మీద ఉన్నంత బరువు తూగుతాం. నడవకపోతే ఎముకలు గుల్లబారిపోతాయి, ఇక కిందికి దించరు. మంచుగుండు మీద అలాంటి చక్రం లేదు. ఆరేళ్ళు దాటి అక్కడ ఉన్నవాళ్ళు గట్టుదాకా రావచ్చు గానీ భూమి మీద కాలు పెట్టలేరు. రత్నానికీ నాకూ ఆ బెంగ లేదు, ఆమె రావలసింది గట్టుకే.

లెక్కలో లొసుగు దొరికింది. మొదటి ఏడాది వాడకాలు ఇరవై రెండు వేలు. తరవాత పద్దెనిమిది వేలు, తొమ్మిది వేలు, అలా దిగుతూ దిగుతూ పోయిన ఏడాది పదకొండు. పదకొండు వేలు కాదు, పదకొండు. అదే పదకొండేళ్ళలో కంపెనీ కొన్న నార తొమ్మిది రెట్లు పెరిగింది. నార తినేసే యంత్రాన్ని నేనింతవరకూ చూడలేదు.

వాళ్ళు ఏం చేశారో నాకు అప్పుడే తట్టింది. రత్నం అతుకు మొదలుపెట్టే ముందు ఉలిని కళ్ళకద్దుకుంటుంది. వాళ్ళ నాన్న అలా చేసేవాడట. రికార్డు చేసినప్పుడు ఆ నమస్కారం కూడా రికార్డయింది. కౌంటరు దాన్ని చూసే ఒక వాడకం అని లెక్కపెడుతుంది. కంపెనీ ఆ నమస్కారాన్ని కత్తిరించేసి ఉంటుంది. కత్తిరించడం నేరం. దొరికారు!

చాలా ఏళ్ళ తరవాత ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

పద్దు 9

హిమజ యార్డుకు వెళ్ళాను. లెక్కల అధికారి తేజోవతి గారు నవ్వుతూ ఎదురొచ్చి అల్లం టీ ఇచ్చారు. ఇక్కడ అల్లం ఎంత కరువో తెలిసినవాళ్ళకి ఆ మర్యాద విలువ తెలుస్తుంది.

లోపల పెద్ద ట్యాంకు. దాని మీద ఒక మరచెయ్యి నార కూరుతోంది. నేను కౌంటరూ సీళ్ళూ చూడాలి. చూడలేదు. అలా నిలబడిపోయాను. ఉలి మీద బొటనవేలు కొంచెం వంకరగా పెట్టడం, రెండు దెబ్బలు చిన్నవి, మూడోది పెద్దది, కొట్టాక మణికట్టు అలా విదిలించడం. అది రత్నం. ఇనుముతో చేశారు గానీ రత్నమే. పదకొండేళ్ళ తరవాత నా భార్య నాకు రెండడుగుల దూరంలో పనిచేసుకుంటోంది, తలెత్తి చూడటం లేదు. నాకు ఏడుపొచ్చింది. తేజోవతి గారు ఎటో చూశారు.

గంటన్నర నిలబడ్డాను. నమస్కారం రాలేదు.

"కత్తిరించారు కదూ?" అన్నాను.

"అయ్యో, లేదండి. మీరే చూసుకోండి." రికార్డు తెరిచి చూపించారు. సీలు చెక్కు చెదరలేదు. నమస్కారం అందులోనే ఉంది.

"మరి చెయ్యడం లేదేం?"

"అతుకు మొదలుపెట్టేటప్పుడే కదండీ చేస్తుంది. ఈ అతుకు మొదలుపెట్టి రెండు వందల పన్నెండు రోజులైంది. ఇంకా అయిపోలేదు."

అప్పుడు ట్యాంకుని సరిగ్గా చూశాను. పూర్వం ట్యాంకుకి పన్నెండు అతుకులుండేవి. దీనికి ఒకటే. అడుగునుంచి పై దాకా జంతికలా చుట్టూ తిరుగుతూ పోతోంది. ఆ చివరను పక్క ట్యాంకుకి కలిపారు, దాని చివరను ఆ పక్కదానికి. యార్డంతా ఒకే అతుకు. చెయ్యి ఎత్తే పనే లేదు.

"ఒక్కసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టించండి. చూస్తాను," అన్నాను. ఆడిటు కోసం కాదు. ఆమె ఉలిని కళ్ళకద్దుకోవడం చూడాలనిపించింది.

"ఆపితే ఒక వాడకం పడుతుందండి," అన్నారు తేజోవతి గారు, అదే నవ్వుతో. "మేం దొంగలెక్క రాయలేదు. లైసెన్సులో ఏముందో దాని ప్రకారమే నడుచుకున్నాం. నాలుగో షరతు చదివారా?"

చదవలేదు. చదవాల్సిన అవసరం లేదనుకున్నాను, ఎందుకంటే ఆ షరతు రాసింది నేనే.

పద్దు 10

రాసుకుంటాను, దాచుకుని ఏం చేస్తాను.

అప్పట్లో నేను ఇదే కార్యాలయంలో లైసెన్సులు రాసే గుమస్తాని. రత్నం చెయ్యి రికార్డు చేసిన రోజు, సాంకేతిక నిపుణుడు ఆ నమస్కారం అనవసరం, తీసేద్దాం అన్నాడు. నాకు కోపం వచ్చింది. అది లేకపోతే అది ఆమె పని కాదన్నాను. దాన్ని ఎవరూ ముట్టుకోకుండా చేయాలని, అందరూ వాడే షరతు కొట్టేసి, నా సొంత తెలివితో రాశాను: "ఒక నమస్కారం, ఒక వాడకం." ఇక కంపెనీ ఆ నమస్కారాన్ని తీయలేదు, తీస్తే లెక్కే ఉండదు. ఎంత మురిసిపోయానో. రత్నానికి చదివి వినిపించాను. "నా దణ్ణానికి కూడా రూలెట్టేశావా మావా," అని నవ్వింది.

నేను కొట్టేసిన మామూలు షరతు ఇలా ఉండేది: అతుకు ఒక బార సాగితే ఒక వాడకం. రెండు చేతులు చాపినంత పొడవుకి ఒక మార్కు.

నార లెక్క పట్టుకుని బారలు కట్టాను. ఏడు లక్షల నలభై వేలు. లక్ష ఎప్పుడు దాటిందో కూడా చూశాను. మూడో ఏడాది నాలుగో నెల. ఆ ఏడాదే ఒక ఓడ కూడా వచ్చింది. రత్నం ఆ ఓడెక్కి ఉంటే ఆరేళ్ళ కిందటే ఇంట్లో ఉండేది.

కంపెనీ దాచింది ఏమీ లేదు. నా పొగరు తిన్నది ఆరేళ్ళు.

పద్దు 11

జరీనా మేడమ్‌కి అంతా చెప్పాను. ఆవిడ ఫైలు మూసేశారు.

"దారి ఒకటుంది," అన్నారు చివరికి. "నీకు తెల్సు."

తెలుసు. లైసెన్సు రాసినవాడు తాను రాసింది తప్పు అని ప్రమాణం చేసి ఒప్పుకుంటే, ఆ షరతు మొదటినుంచీ చెల్లదు. మామూలు షరతుతో లెక్క తిరగరాస్తారు. రత్నానికి వెంటనే సీటు. దాంతోపాటు, రాసినవాడి వృత్తి పట్టా రద్దు. పట్టా పోతే ఉద్యోగం పోతుంది. గట్టు మీద పనిలేనివాడికి గాలి లేదు అని మా ఊరి సామెత. అది సామెతే కాదు, చట్టం కూడా. నెలలోపు భూమికి పంపేస్తారు, మళ్ళీ రానివ్వరు.

ఆమె రెండేళ్ళకు ఇక్కడికి చేరుతుంది. నేనుండను. ఆమె కిందికి దిగలేదు. నేను పైకి రాలేను.

"వేరే పని ఏదన్నా చూస్తాలే," అన్నారు మేడమ్. "తోటలో, వంటశాలలో."

"యాభై ఆరేళ్ళవాడికా మేడమ్?"

"ఏందప్పా ఇట్ల చేస్తివి," అన్నారు. తిట్టు కాదు. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు.

సంతకం పెట్టకపోతే రత్నం అక్కడే ఉంటుంది, నేనిక్కడే ఉంటాను, నాలుగేళ్ళ తరవాత వచ్చే ఓడ కోసం మళ్ళీ ఎదురుచూస్తాం. ఏడాదికి పదకొండు మార్కుల చొప్పున అయితే ఆ ఓడ కూడా మాది కాదు. అయినా ఎదురుచూడటానికి ఒక ఇల్లుంటుంది. నవ్వొచ్చే మాటే, కానీ ఈ సాయంత్రం షిఫ్టంతా నాకు ఆ ఇల్లే ముద్దొచ్చింది.

నా ఒక్కడి నిర్ణయం కాదిది. అన్నీ పూసగుచ్చినట్టు చెప్పి రత్నానికి పంపాను. షరతు నాదేనని కూడా చెప్పాను.

పద్దు 12

జవాబు లేదు.

పద్దు 14

లేదు. గోంగూర కోశాను. తినబుద్ధి కాలేదు, పక్కింటివాళ్ళకిచ్చాను.

పద్దు 16

లేదు. సందేశాల గదిలో అమ్మాయి నన్ను చూసి దూరం నుంచే తల అడ్డంగా ఊపుతోంది. ఓడ బయల్దేరడానికి ఇరవై మూడు రోజులు.

రత్నానికి కోపం వస్తే అరవదు. పని చేస్తుంది. మా పెళ్ళయిన కొత్తలో ఒకసారి కోపం వచ్చి, మూడు రోజుల్లో వాళ్ళ నాన్న పడవ మొత్తానికి ఒక్కతే నార కూరేసింది. ఇప్పుడు ఆ మంచు మీద ఏం చేస్తోందో.

పద్దు 18

వచ్చింది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

"మావా. ఆరు రోజులు నీ ముకం సూడబుద్ధి కాలేదు. ఆరేళ్ళు! నా దణ్ణం నాదీ, మా నాన్నదీ. దాన్నట్టుకెళ్ళి కాయితంలో ఎట్టమని నిన్నెవరడిగారు? నా మీద పేమతో సేశావని తెలుసు. అందుకే ఇంకా కోపం. పరాయోడు సేస్తే తిట్టేసి ఊరుకుందును."

ఇక్కడ ఆగింది. గుడ్డ తీసి కుడిచెయ్యి చూపించింది. చిటికెనవేలూ దాని పక్క వేలూ నల్లబడి ఉన్నాయి.

"జిగురు కాదు మావా. సలి. రెండేళ్ళుగా పర్స తెలీట్లేదు. ఇంకో నాలుగేళ్ళుంటే సెయ్యే తీసేత్తారంట. ఈ సెయ్యి లేకపోతే నేనేటి? నాకు సీటు కావాలి. నీకోసం అని అబద్దం సెప్పను. నా సేతి కోసం. నేనొచ్చేసరికి నువ్వుండవని తెలుసు. తెలిసే అడుగుతున్నాను. సంతకం ఎట్టేయ్."

తరవాత తెర ఆపడానికి చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"ఏడవకు. నువ్వేడిస్తే నాకు అరగంట తరవాత తెలుత్తాది. ఏం లాభం?"

పద్దు 19

సంతకం పెట్టాను. ప్రమాణం చేశాను. మేడమ్ పక్కన నిలబడ్డారు.

పద్దు 27

లెక్క తిరగరాశారు. ఏడు లక్షల నలభై వేల నూట ఆరు. రత్నానికి సీటు నంబరు వచ్చింది, నలభై రెండు.

సామాను సర్దుతుంటే తేజోవతి గారి నుంచి కబురు: యార్డుకి ఒకసారి రమ్మని. నాకేం పని అనుకుంటూనే వెళ్ళాను. ఇప్పుడు బారల లెక్క కాబట్టి చేతిని ఆపినా కంపెనీకి నష్టం లేదు. నూనె పెట్టడానికి ఆపారు.

"ఆరోజు అడిగారు కదండీ. మొదలుపెట్టమంటారా?" అన్నారు.

మొదలుపెట్టారు. చెయ్యి ఉలిని అందుకుంది. మెల్లగా పైకి ఎత్తింది. రత్నం పొట్టి మనిషి. ఆ చెయ్యి ఆమె కళ్ళున్నంత ఎత్తుకే ఎత్తి, అక్కడ గాల్లో ఆగింది. అద్దుకోవడానికి అక్కడ ముఖం లేదు. నేను వంగి ఆ ఖాళీలో నా ముఖం పెట్టాను. చల్లటి ఇనుము ఒక కంటికీ, తరవాత రెండో కంటికీ తగిలింది. తరవాత చెయ్యి కిందికి దిగి పనిలో పడింది.

ఎవరూ నవ్వలేదు. తేజోవతి గారికి దణ్ణం పెట్టి వచ్చేశాను.

పద్దు 39

ఓడ మంచుగుండు నుంచి బయల్దేరిందని వార్త. రేపు నేను కిందికి వెళ్ళే బండి ఎక్కుతాను. ఈ పుస్తకం కార్యాలయానికి అప్పజెబుతున్నాను. మొదటి పేజీలో రూలు తప్పినందుకు ఇక నన్ను ఏం చేయగలరు?

నంబరు లేని పద్దు

ఇది మామూలు రూళ్ళ నోటుపుస్తకం. కాకినాడలో కొన్నాను. ఇక్కడ పడవల యార్డులో స్టోరు చూసుకుంటున్నాను. మొదటి మూడు నెలలు ఒళ్ళంతా పచ్చిపుండు. చక్రంలో ఎంత నడిచినా భూమి బరువు భూమి బరువే.

రెండేళ్ళ రెండు నెలలకి రత్నం గట్టు చేరింది. ఓడలోనే వైద్యం చేసి రెండు వేళ్ళు నిలబెట్టారట. పట్టు రాదు గానీ పర్స వచ్చింది. లైసెన్సు ఉన్న చెయ్యి పనిలో ఉన్నట్టే లెక్క కాబట్టి, జరీనా మేడమ్ మా పాత గదినే ఆమెకు ఇప్పించారు. ఈరోజు మధ్యాహ్నం నాలుగింటికి వీడియో ఫోను కలిపారు.

నేను ముందే అంతా రాసి పెట్టుకున్నాను. క్షమించమని అడగాలి, నాలుగు పేజీలు. పదమూడేళ్ళుగా చేస్తున్నట్టే గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను.

"రత్నం, నేను ఆ షరతు రాసిన రోజున..."

"బాగా సిక్కిపోయావేటి మావా?"

ఆగిపోయాను. ఆమె కూడా ఆగిపోయింది. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు మాట్లాడవచ్చన్న సంగతి ఇద్దరం మరిచిపోయాం. ఇక్కడి నుంచి గట్టుకి మాట వెళ్ళడానికి సెకనూ పావు, అంతే. నేను ఆమె పూర్తిచేస్తుందని చూశాను, ఆమె నేను పూర్తిచేస్తానని చూసింది. తరవాత ఇద్దరం ఒకేసారి "నువ్వు సెప్పు" అన్నాం.

మళ్ళీ కాగితం తీసి "ఆ షరతు" అన్నానో లేదో, రత్నం పకపకా నవ్వింది. నా మాట పూర్తికాకముందే ఆ నవ్వు నా మాట మీద పడింది. కాగితాలు పక్కన పెట్టేశాను.